గేటు నుంచి నాలుగో వరుస

నాకు పనికిరాని సంగతులు వెతికే జబ్బు ఉంది. హగరి స్టేషన్ బోర్డు మీద సముద్రమట్టానికి ఎంత ఎత్తో ఎందుకు రాస్తారు, తెగిన బల్లి తోక ఎంతసేపు కొట్టుకుంటుంది, ఇలాంటివి ఫోన్లో చూసుకుంటూ పూటలు గడిపేస్తాను. కంటబడినవి కూడా అందులోనే రాసుకుంటాను. మా గాంధీనగర్ వీధిలో ఇస్త్రీ బండి ఆయన ప్రతి చొక్కానూ మడిచాక, పసిబిడ్డను జోకొట్టినట్టు ఒక్కసారి తట్టి పక్కన పెడతాడు. అది రాసుకున్న రోజు ఏదో ఘనకార్యం చేసినట్టు అనిపించింది. రచయితను కాబట్టి ఇదంతా పనిలో భాగమేనని ఇంట్లో చెబుతాను. ఎవరూ నమ్మరు. మా అమ్మ అసలే నమ్మదు.

"సుమ్నే ఆ ఫోన్ గీకుతా కూచుంటావు. కండ్లు పోతాయప్పా" అంటుంది. సుమ్నే అంటే మా కన్నడ సీమలో ఊరికే అని.

ఈస్టర్ ఇంకా పది రోజులుందనగా, ఒక మధ్యాహ్నం ఉపగ్రహం తీసిన పటంలో మా ఊరినే చూస్తూ కూర్చున్నాను. ఏ మేడ మీద ఎన్ని నీళ్ల ట్యాంకులున్నాయో లెక్కపెట్టి, అటూ ఇటూ జరుపుతూ మా చర్చి సంఘంవాళ్ల పాత సమాధుల తోట దగ్గరికి వచ్చాను.

అక్కడ మా అన్న ఉన్నాడు. నేను పుట్టకముందే, మూడు నెలల పసికందుగా పోయాడు. అప్పుడు నాన్న హగరి వ్యవసాయ కేంద్రంలో కూలిపని చేసేవాడు. రాయి వేయించే స్తోమత లేక, మా తెలుగు బైబిలు చివరి ఖాళీ పేజీలో గుర్తు రాసుకున్నాడు: "గేటు నుంచి నాలుగో వరుస, ఎడమనుంచి మూడవది." తరువాత పనికోసం రాయచూరు వైపు పోయి, పదేళ్లకు తిరిగొచ్చాడు. అప్పటికి తోటంతా ముళ్లకంప. బైబిలు చేతబట్టుకుని లెక్కపెట్టుకుంటూ పోతే, సరిగ్గా ఆ చోట పసిబిడ్డంత మట్టి దిబ్బ కనిపించిందట. ఆ ఏడు మొదలు ఈస్టర్ ముందు శనివారం మేమంతా పోయి గడ్డి పీకి, దిబ్బకు సున్నం పూసి, ఆదివారం తెల్లవారుతుండగా కొవ్వొత్తి వెలిగిస్తాం. మా వాళ్లంతా చేసేదే ఇది. నాకు బుద్ధి తెలిసినప్పటినుంచీ సున్నం బకెట్ మోసేది నేనే.

నాన్న పోయినప్పుడు ఆయన అన్నదమ్ములు రూపనగుడికి తీసుకుపోయి తమ పొలం గట్టునే పెట్టుకున్నారు. అమ్మ అడ్డుచెప్పలేదు. ఇంటికొచ్చాక నాతో ఒకే మాట అంది: "ఆయనకు అన్నదమ్ములుండారు. వానికెవరుండారు? నన్ను మాత్రం వాని పక్కన పెట్టండి." ఆ తరువాత ఎన్నిసార్లు అడిగిందో! ఈ ఏడు సంఘం కమిటీ కొత్త నియమం పెట్టింది. తోటలో చోటు అయిపోయింది కాబట్టి, తమవాళ్ల సమాధి ఉన్నవాళ్లకే దాని పక్క చోటు ఇస్తారట. ఈస్టర్‌లోగా ఫారం ఇవ్వాలి. ఆ ఫారం నా బల్ల మీదే ఉంది, ఇంకా నింపలేదు. బద్ధకం.

పటంలో ఆ తోటను పెద్దది చేసి చూస్తున్నాను. ఇప్పటి గేటు నుంచి సిమెంటు దారి లోపలికి పోతుంది. దానికి ఎదుటి కొసన, గడ్డిలో చెరిగిపోయిన ఇంకో దారి లీలగా కనిపిస్తోంది. అది తిన్నగా పోయి గోడకు కొట్టుకుని ఆగిపోతుంది. గోడ దగ్గరికి దారి ఎవరైనా వేస్తారా? ఊరికే అడిగాను, బల్లి తోక గురించి అడిగినట్టే.

"అమ్మా, సమాధుల తోటకు ఆ పక్క ఏమన్నా గేటు ఉండేదా?"

అమ్మ చింతపండు పిక్కలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"ఉండె కదప్పా. మొదట గేటు ఆడనే ఉండె. మేము రాయచూరులో ఉన్నప్పుడు రోడ్డు కోసమని మూసేసి, ఈ పక్క పెట్టిరి."

అంది, మళ్లీ చింతపండులో పడింది. నేను పోయి బైబిలు చివరి పేజీ తీశాను. నాన్న గుర్తు రాసుకున్నది పాత గేటు నుంచి. లెక్కపెట్టింది కొత్త గేటు నుంచి. పసిబిడ్డంత దిబ్బ కనబడేసరికి గేటు మారిన సంగతే ఆయనకు తట్టి ఉండదు. అమ్మకు ఆ తప్పు తెలిసే వీలే లేదు. పసిబిడ్డ పోతే తల్లిని తోటకు రానిచ్చేవాళ్లు కాదు ఆ రోజుల్లో. ఆమె అసలు చోటు ఎన్నడూ చూడలేదు.

మరునాడు పొద్దున ఒక్కడినే పోయాను. మూసేసిన పాత గేటు రాతి స్తంభాలు గోడలోనే ఉన్నాయి. నలభై ఏళ్లకు పైగా ఆ తోటకు వస్తున్నాను, ఎన్నడూ వాటిని చూడలేదు. చూసే కన్ను నాకుందని పుస్తకాలు రాసుకున్నవాణ్ణి! స్తంభాలకు వీపు పెట్టి నాలుగు వరుసలు నడిచాను. ఎడమనుంచి ఒకటి, రెండు, మూడు. మూడోది సిమెంటు దారి కింద ఉంది. తోటలో ఉన్నవే ఆరు వరుసలు కాబట్టి, ఏటా సున్నం బకెట్‌తో దిబ్బకు పోతూ మేము దాటే చోటే అది. మేము సున్నం పూసిన బిడ్డ ఎవరో మరి. చర్చిలో అడిగితే, ఆ కాలపు రిజిస్టరు చెదలు తినేసిందన్నారు.

నాలుగు రోజులు నోరు మెదపలేదు. చెప్పకపోతే ఏమవుతుంది? అమ్మ కోరిన చోటు అమ్మకు దక్కుతుంది, నిశ్చింతగా కన్నుమూస్తుంది. కానీ ఆమె ఎదురుగా కూర్చుని అన్నం తినలేకపోయాను. ఐదో రోజు చెప్పేశాను. బైబిలు తెరిచి నాన్న రాత చూపించి, కాగితం మీద రెండు గేట్లూ గీసి చెప్పాను.

అమ్మ కాగితం మీద కొత్త గేటు దగ్గర వేలు పెట్టి, దారి వెంట జరుపుతూ పోయింది.

"అంటే వాని మీద నడిచినాం" అంది. "ఇన్నేండ్లూ నేను వాని మీద నడిచినా."

"నీకు తెలీదు కదమ్మా."

"నువ్వు ఎందుకు చూసినావప్పా? ఎవరు చూడమన్రు నిన్ను?"

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను ఫోన్ ముట్టలేదు. నా ఈ పాడు కుతూహలం మీద నాకే అసహ్యం పుట్టింది. ముసలితల్లి చివరి నెమ్మదిని నా చేతులారా పాడుచేశాననిపించి, బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చాను.

ఈస్టర్ ముందు శనివారం తనే లేచి సున్నం నానబోసింది. నేను బకెట్ ఎత్తుకున్నాను. గేటు దాటాక అమ్మ సిమెంటు దారి ఎక్కలేదు. పక్కన పల్లేరు కాయల్లో, నా భుజం పట్టుకుని నడిచింది. నేను చూపించిన చోట మోకాళ్లూని, సిమెంటు మీద అరచెయ్యి పెట్టి, మా అన్నను పేరు పెట్టి పిలిచింది. ఆ పేరు అంత గట్టిగా పిలవడం నేనెప్పుడూ వినలేదు. తరువాత కొంగుతో ముఖం తుడుచుకుని లేచి, ఎప్పటి దిబ్బ దగ్గరికే పోయి గడ్డి పీకడం మొదలుపెట్టింది.

"అమ్మా, ఇది మనది కాదు కదా."

"తెలుసు. దీనికి ఇంకెవరన్నా వచ్చిరా ఇన్నేండ్లలో? ఒక్కరన్నా?"

ఎవరూ రాలేదు. కుంచె అందుకుని సున్నం పూశాను.

పని అయ్యాక కమిటీ కార్యదర్శి వచ్చి ఫారం అడిగాడు. ఇవాళే ఆఖరు రోజట. నేను జేబులోంచి తీశాను. చోటు ఇక్కడే కావాలంది అమ్మ. దారి పక్కన ఎలాగూ ఎవరినీ పెట్టనివ్వరు. ఫారం కన్నడలో ఉంది. ఒక్కో గడి చదివి, తెలుగులో చెప్పి, ఆమె చెప్పింది నింపుతూ పోయాను. పక్క సమాధిలో ఉన్నవారి పేరు అడిగిన చోట "తెలియదు" అని రాశాను. ఆ కింది గడి దగ్గర నా పెన్ను ఆగింది.

"ఏముండాది ఆడ?" అంది అమ్మ.

"పక్క సమాధిలో ఉండేవాళ్లకు నువ్వేం కావాలని అడుగుతాండారు."

సున్నం అంటిన చేతిని దిబ్బ మీద ఆన్చింది.

"అమ్మ అని రాయప్పా" అంది.