మామ కంటి కింద నీలి మరక

పెండ్లిలో మామ అల్లుడి కాళ్లు కడగడం లోకం మెచ్చిన ఆచారం. అల్లుడు మామ మొహం తోమడం మాత్రం నేనొక్కడినే వెలగబెట్టిన ఘనకార్యం. సిద్దిపేటలో మా అత్తగారి వీధివాళ్లు నన్ను చూస్తే ఇప్పటికీ మొహాలు దాచుకుంటారు.

నైజాం రాజ్యం నాటి మాట. మాది ధూళిమిట్టలో మగ్గం నేసే ఇల్లు. మామదీ అదే పని, పైగా నూలుకు నీలిమందు అద్దడంలో దిట్ట. పెండ్లినాడు ఆయన్ను సరిగా చూస్తే ఒట్టు. నా కళ్లకు బాసింగం అడ్డం, ఆయన మొహానికి పసుపు అడ్డం. తొలిసారి అత్తారింటికి వెళ్లి చూద్దును కదా, ఎడమ కంటి రెప్ప నుంచి చెంప దాకా నీలి మరక!

నేతగాడికి మరక కనబడితే చెయ్యి ఊరుకుంటుందా? వంటింట్లోంచి చింతపండు, ఉప్పు పట్టుకొచ్చాను.

“మామా, జర కదలకు.”

“ఏందల్లుడా?”

“ఏం లేదు, గింత రంగంటింది.”

తోమాను. మరక పోలేదు గానీ కన్ను మిరపపండైంది. కొత్త అల్లుడిని ఏమీ అనలేక పాపం మామ పండ్లు బిగబట్టాడు. గారెల పళ్లెంతో వచ్చిన అత్త కెవ్వుమంది.

“అయ్యో అల్లుడా! గది పుట్టుమచ్చ! కడుపులకెల్లి వచ్చింది చింతపండుకు పోతదా?”

సిగ్గుతో చచ్చాను. కానీ తోముతుండగా రెప్ప కింద నా వేలికి నల్లటి బుడిపె ఒకటి తగిలింది. దాని మీద రక్తపు చుక్క.

“మరి గీ బుడిపె గూడ పుట్టుకతోనే ఉన్నదా?”

అత్త వంగి చూసింది. “లేదు బిడ్డా. మొన్న బతుకమ్మకు గూడ లేకుండె.”

ఇదేమిటో తెలుసుకోకపోతే నాకు గారె దిగదు. మా ఆవిడను వెంటబెట్టుకుని మామను దవాఖానకు లాక్కెళ్లాను. డాక్టరు భూతద్దం పెట్టి చూశాడు.

“మచ్చతోని భయం లేదు. అండ్ల కొత్తగ బుడిపె పెరిగితెనే భయం. ఏ ఒక్కరికో అట్లయితది. ఆలస్యం జేస్తే కన్నే కాదు, మనిషే దక్కడు.”

ఆ మాటకు మా ఆవిడ కంటే ముందు నేనే ఏడ్చాను. పట్నం పెద్ద దవాఖానలో బుడిపెను కోసి పరీక్ష చేశారు. చెడ్డదేనట, కానీ వేళ్లు పారకముందే మొత్తం తీసేశారట. కన్ను దక్కింది, మామ దక్కాడు.

కట్టు విప్పిన రోజు ఆయన అద్దంలో చూసుకుని వీధంతా వినేట్టు పిలిచాడు.

“అల్లుడా, మరక ఇంకా పోలే! ఈసారన్న మంచి చింతపండు తే!”

అప్పుడే మా నేతవాళ్ల కులదైవం మార్కండేయుడి మీద ఒట్టు వేశాను: ఇక ఈ జన్మలో ఎవరి మొహాన్నైనా కళ్లతోనే చూస్తాను, చింతపండుతో మాత్రం చూడను.