శాంతి నగర్ ఖోలీలో ఇంగ్లండ్ బండి

మా చిన్నప్పుడు భివండీ శాంతి నగర్‌లోని మా ఒంటిగది ఖోలీలో స్టవ్వుకు ఒక పక్క బియ్యం డబ్బా, ఇంకో పక్క మోటార్‌సైకిల్ ఇంజిన్ ఉండేవి... అమ్మ పోపు వేస్తే ఆవాల వాసన, కిరోసిన్ వాసన కలిసే వచ్చేవి.

ఆ బండి మా పెద్దబాపుది. అంటే మా బాపుకు సొంత అన్న. గైబీ నగర్‌లో ఆయనకు పవర్‌లూమ్ షెడ్డు ఉండేది. అదే షెడ్డులో మా బాపు జాబర్... ఆగిపోయిన సాంచాలను, అంటే మరమగ్గాలను, బాగుచేసే పని.

తెల్లదొరల కాలం నాటి ఇంగ్లండ్ బండి అది. షెడ్డు వెనక తుప్పు పట్టి పడి ఉండేది. ఒక దసరాకు బాపు ధైర్యం చేసి అడిగాడు. పెద్దబాపు పనివాళ్లందరి ముందు నవ్వాడు.

"ఏందిరా, సైకిల్ తొక్కెటోనికి ఇంగ్లండ్ బండి గావాల్నా? తీస్కపో. స్టార్ట్ అయితే నీదే. కాకుంటే పాత ఇనుము కొనే భంగార్‌వాలా గూడ ముట్టడు దాన్ని."

బాపుకు ఆ నవ్వు వినపడలేదు. 'స్టార్ట్ అయితే నీదే' అన్నది మాత్రం వినపడింది...

శుక్రవారం షెడ్లు బంద్. ఆ రోజంతా బాపు ఇంజిన్ ముందే. బజార్‌లో దొరికే పానాలు దాని నట్లకు పట్టలేదు. సాంచాలకు వాడే పాత ఇంచీ పానాలు సరిగ్గా పట్టాయి. "మన సాంచా గూడ ఇంగ్లండ్‌దే గద... రెండిటిది ఒక్కటే పుట్టుక" అని మురిసిపోయాడు.

విప్పిన ప్రతి ముక్కనూ నేను న్యూస్‌పేపర్ మీద వరసగా పెట్టి, చుట్టూ పెన్సిల్‌తో గీసి, పేరు రాసేదాన్ని. ఇవాళ నా వంటింట్లో డబ్బాలు వరస తప్పవంటే ఆ అలవాటు అక్కడిదే...

భివండీలో చేయి తుడిచినా, మిషన్ తుడిచినా షెడ్డులో మిగిలిన దారం వేస్టుతోనే. బాపు కూడా మొదట్లో తీగకు దారం చుట్టి ఆయిల్ ట్యాంకు లోపల తుడిచాడు. తరువాత భయపడ్డాడు. "ఒక్క పోగు పైపుల ఇరికినా ఇంజిన్లకు ఆయిల్ పోదు. నడుస్తనే జామ్ అయితది" అని దారం ముట్టనివ్వలేదు. అమ్మ తన పాత నూలు చీర చింపి ఇచ్చింది.

అమ్మకూ ఒక ఆశ ఉండేది. పండగకు పెద్దబాపు ఇంటికి మేం నడిచే వెళ్లేవాళ్లం. గుమ్మంలోనే పెద్దమ్మ అనేది... "నడిచొచ్చిండ్రా? కాళ్లు మంచిగ కడుక్కోండ్రి. మీ గల్లీ బురదంత నా ఇంట్లకు రావద్దు." అమ్మ నవ్వి కడుక్కునేది. ఇంటికొచ్చాక, "ఈ బండి నడవనీ... దాని వాకిట్లనే దిగుత" అనేది.

వానాకాలం వచ్చే ముందు ఒక శుక్రవారం బండి స్టార్ట్ అయింది. సాంచాల చప్పుడు లేని గల్లీలో ఆ ఒక్క చప్పుడు... బాపు ఆపడానికి కూడా భయపడి అట్లాగే నిలబడ్డాడు.

సాయంత్రానికి పెద్దబాపు కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. ఎక్కి కూర్చున్నాడు. ఎక్సిలేటర్ తిప్పి చూశాడు.

"మంచిగనే చేసినవ్‌రా. రేపు పొద్దుగాల షెడ్డు కాడికి తే. మావోడు కాలేజీకి ఏసుకపోతడు."

"అన్నా... స్టార్ట్ అయితే నాదే అన్నవ్ గద..."

"మజాక్‌కు అన్న మాట పట్టుకుంటవా? కాయిదాలు ఎవని పేరు మీద ఉన్నయ్? నీకేం గావాలె, ఎప్పుడన్న తుడుస్తందుకు ఇస్త తియ్!"

కొడుకు పకపకా నవ్వాడు. బాపు తల దించుకున్నాడు. అమ్మ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది.

పొద్దున బాపు నల్లా దగ్గర స్నానం చేస్తున్నాడు. అమ్మ మూలనున్న వేస్టు గోనెసంచి నుంచి నాలుగు పోగుల దారం తీసింది. బండి ఆయిల్ ట్యాంకు మూత తిప్పి, లోపల వేసి, వేలితో కిందికి నెట్టింది. మూత బిగించి కొంగుతో తుడిచింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"పల్లెం తే. బువ్వ పెడ్త" అన్నది.

బండి అప్పజెబుతూ పెద్దబాపు కొడుక్కు, అంటే మా అన్నకు, బాపు చెప్పాడు... "బిడ్డా, కొత్త పిస్టన్. మెల్లగ నడుపు."

పూర్ణ రోడ్డు మీద ఇంజిన్ జామ్ అయి, వెనక చక్రం బిగుసుకుపోయింది. అన్న మోకాలు చితికింది. ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు.

బాపే ఇంజిన్ విప్పాడు. ఆయిల్ పైపు మూతి దగ్గర దారం దొరికింది. నేను టిఫిన్ డబ్బాతో షెడ్డు గుమ్మంలో ఉన్నాను. పెద్దబాపు చెయ్యి లేచి బాపు చెంప మీద పడింది. సాంచాల చప్పుడులో దెబ్బ వినపడలేదు... బాపు చేతులు జోడించడం కనపడింది.

ఇంటికొచ్చాక "తుడిచినప్పుడు ట్యాంకుల పోగు నేనే ఇడిచిపెట్టిన... పిల్లగాని కాలు నేనే ఇరగ్గొట్టిన" అని ఏడ్చాడు. అమ్మ ఆయన చెంపకు పసుపు రాసింది.

మరునాడు పండ్లు పట్టుకుని అన్నను చూడడానికి వెళ్లింది. నడిచే. వాకిట్లో కాళ్లు చాలాసేపు కడుక్కుంది...

బాపు మళ్లీ ఏ బండినీ విప్పలేదు.

ఆ షెడ్డు ఇప్పుడు గోడౌన్. బండి ఎప్పుడో భంగార్‌లో కలిసింది. బాపు, అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటారు. గల్లీలో పాత బండి ఏదైనా పోతే బాపు చెవి అటు పెడతాడు. "ఒక్క పోగు... మంచిగ తుడ్వకపోతి" అంటాడు.

"ఎన్నడో అయిపోయింది ఎందుకు తవ్వుతవ్? చాయ్ చల్లగైతది" అంటుంది అమ్మ, సాసర్‌లో పోసి అందిస్తూ.

వాళ్లిద్దరికీ ఫోన్‌లో చదవడం రాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను...

ఇప్పుడు ఎవరూ ఇంట్లో ఇంజిన్ విప్పడం లేదు. పాడైతే సర్వీసింగ్‌కు ఇచ్చి వచ్చేస్తారు. తప్పు ఎవరిదన్న మాటే రాదు. మీ ఇంట్లో కూడా ఉందా... ఒకరు చేసి, ఇంకొకరు జీవితమంతా మోస్తున్న తప్పు?