జంగీ చేపలు, చెలమ నీళ్లు

మా ముత్తాత తండ్రి కొల్లాపూర్ వైపు నుంచి కృష్ణ ఒడ్డు పట్టుకుని గుర్రం మీద వచ్చి ఈ పరగణాకు దేశ్‌ముఖ్ అయ్యారు. ముత్తాత ఆ హక్కును నిలబెట్టారు. తాత కోటలాంటి గడి కట్టించారు. ఆయన ఎదురు వస్తుంటే ఊరివాళ్లు చెప్పులు చేతుల్లోకి తీసుకుని పక్కకు జరిగేవారట. దీన్ని గొప్పగా చెప్పుకోవాలనీ లేదు, సిగ్గుపడాలనీ లేదు. అట్లా నడిచేది, అట్లాగే రాస్తున్నాను. ఆ వరుసలో చివరివారు మా బాపు. నేను ఆయనకు ఒక్కతే బిడ్డను. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. నన్ను పెంచింది బాపుకు అక్క అయిన మా మేనత్త. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి వచ్చిన మనిషి. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది.

బాపుకు వేట మీద ఇష్టం లేదు, పేకాట అసలే లేదు. ఆయన ఇష్టమంతా చేపల మీదే. గడి పెద్ద హాలులో, పని మీద వచ్చినవాళ్లు నిలబడే చోటికి ఎదురుగా, ఇనుప చట్రంలో బిగించిన గాజు తొట్టి ఉండేది. అందులో మనిషి కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. దాన్ని హైదరాబాదులో చేయించి, ఎడ్లబండిలో వరిగడ్డి పరిచి తెచ్చారు. చేపలు బొంబాయి నుంచి కిరోసిన్ డబ్బాల్లో రైలెక్కి వచ్చాయి. అవి దక్షిణ అమెరికా జాతివనీ, వాటిని సిక్లిడ్‌లు అంటారనీ చాలా ఏళ్ల తర్వాత ఎక్కడో చదివాను. బాపు మాత్రం జంగీ చేపలు, అంటే కొట్లాట చేపలు, అనేవారు. నల్లని ఒంటి మీద నీలి చుక్కలు, కోపంగా ముందుకు పొడుచుకువచ్చిన కింది పెదవి. చూడటానికి రాజసంగా ఉండేవి. ఒకదాని పొడ ఒకదానికి గిట్టేది కాదు.

వాటిని ఒకే తొట్టిలో బతికించడం ఒక విద్య. అమ్మిన బొంబాయి వ్యాపారి బాపును ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాడట. తొట్టిలో చేపలు పలచగా ఉంటే బలమైనది ఒక్కదాని వెంట పడి చంపేస్తుంది, కిక్కిరిసి ఉంటే ఎవరిని తరమాలో దానికి తోచదు. వారం వారం సగం నీళ్లు తీసి కొత్తవి పోయాలి. అదే పూట అడుగున ఉన్న రాళ్లన్నీ జరిపేయాలి. నిన్నటిదాకా ఇది నా మూల అనుకున్న చేపకు పొద్దున్నే ఆ మూల ఉండదు. అన్నీ కొత్తగా ఊరికి వచ్చిన వాళ్లలాగా కొన్నాళ్లు సర్దుకుని తిరుగుతాయి. ఇదంతా బాపు అక్షరం తప్పకుండా చేశారు. మేత గురించి చెప్పింది మాత్రం వినలేదు. మేతను నాలుగు వైపులా ఒక్కసారే చల్లమన్నాడు వ్యాపారి. బాపు మాత్రం అన్నిటికంటే పెద్ద చేపకు ముందు తన చేత్తో ఎర్రలు అందించి, అది తృప్తిగా తిన్న తర్వాతే మిగతా వాటికి వేసేవారు.

మా ఇంట్లో భోజనాలూ అట్లాగే సాగేవి. ముందు బాపు, తర్వాత బంధువులు, తర్వాత గుమాస్తాలు, ఆ తర్వాత ఆడవాళ్లం, చివరికి పనివాళ్లు. పెద్దదాని కంటే ముందు చిన్నదానికి మేత వేయడమన్నది ఆయన ఊహకే అందేది కాదు.

"తమ్మీ, నీ కంటె గా చేపనే పెద్ద దొర రా. నువ్వు నిలబడి పెడ్తవు, అది కదలకుండ తింటది" అని మేనత్త నవ్వేది.

"పెద్దోనికి మర్యాద జేస్తె చిన్నోళ్లకు భయముంటదక్కా" అనేవారు బాపు.

ఆ పెద్ద చేప ఏడాదికేడాది బలిసింది. అయినా వారం వారం రాళ్లు జరుగుతుండటంతో, నీళ్లు మారుతుండటంతో తొట్టిలో చావులు ఉండేవి కావు.

గడి బావి నీళ్లు చవుడు. తాగితే నాలుక మొద్దుబారేది, చేపలకు పోస్తే కళ్ల మీద తెల్లపొర కమ్మేది. మంచినీళ్లు వాగు ఇసుకలో తోడిన చెలమ నుంచి రావాలి. వాటిని కావడితో తెచ్చి, రాగి గంగాళాల్లో ఒక పగలంతా ఎండకు పెట్టి తొట్టిలో పోసేవారు. ఆ కావడి ఒకే మనిషి మోసేవాడు. అతని తండ్రి మా తాతకు మోశాడు. కూలి లేని ఆ చాకిరీని వెట్టి అనేవారు. నాకు ఆ మాట తెలిసింది దొరలకు ఎదురు తిరిగిన రైతుకూలీల సంఘం వచ్చిన తర్వాతే. అంతకుముందు అది నీళ్లు రావడం మాత్రమే.

సంఘం మా ఊరికి వచ్చిన ఎండాకాలంలో ఒక పొద్దున కావడి మనిషి ఉత్త చేతులతో గడి ముందుకు వచ్చాడు. తలగుడ్డ తీయలేదు. బాపు అరుగు మీద ఉన్నారు, నేను తలుపు వెనక ఉన్నాను.

"నీళ్లేవిరా?" అన్నారు బాపు.

"వెట్టి బందయింది దొరా. సంఘంల అందరం ఒట్టు వెట్టుకున్నం."

"చేపలు సస్తయి."

"సావద్దనే నాకూ ఉన్నది. నా చేతులతోటి నీళ్లు వోసిన గద." హాలు వైపు చెయ్యి చూపించాడు. "అడుగు, తెస్త. జర ఒక కావడి తెచ్చిపెట్టు అని అడిగితె ఇప్పుడే తెస్త. హుకుం జేస్తె తేను."

బాపు నోరు విప్పలేదు. ఆ మనిషి కూడా తొందరపడలేదు. ఎండ అరుగు ఎక్కేదాకా నిలబడి, తర్వాత వెళ్లిపోయాడు. ఆ ఒక్క మాట బాపు ఎందుకు అనలేదని తర్వాతి కాలంలో నన్ను చాలామంది అడిగారు. నాలుగు తరాలుగా ఆ ఇంట్లో ఎవరికీ రాని మాట అది. ఒక్క పూటలో నోటికి రాదు.

పక్క ఊళ్ల దొరలు ఒక్కొక్కరే నల్గొండకో హైదరాబాదుకో తరలిపోయారు. ఒక దిక్కు సంఘం, ఇంకో దిక్కు రజాకార్లు. మా గడిలో మకాం పెడతామని రజాకార్లు కబురు పంపారని కూడా విన్నాం. తమ్ముడు బతికుండగా గడి దాటించాలన్నది మేనత్త పట్టు. చేపలు ప్రాణంతో ఉండగా కదిలేది లేదన్నది బాపు పట్టు.

"నేను గిట్ల పోంగనే చింతపులుసు వెట్టుకుని తింటరు" అనేవారు.

"తిననియ్యి! మనుషులు తినేటియే గద!"

"మన ఇంట్ల పెరిగినయక్కా."

"నేను గూడ నీ ఇంట్లనే పెరిగిన. నన్నెవడు కాపాడాలె?"

బాపు లేచి తొట్టి దగ్గరికి వెళ్లారు.

మేం బావి చవుడు నీళ్లే తాగాం, తొట్టిలో మాత్రం నీళ్లు మారడం ఆగిపోయింది. రాళ్లు జరిపితే అడుగున పేరుకున్న మురికి పైకి లేస్తుందని వాటినీ కదపలేదు. దాంతో పెద్ద చేప ఎడమ మూలలో ఉన్న పలకరాయి కింది జాగాను సొంతం చేసుకుంది. అటు తోక కనిపిస్తే చాలు, కొరికేది. మొదట రెక్కలు చిరిగిన చేపలు, తర్వాత పొలుసులు రాలినవి, తర్వాత పొద్దున్నే నీటి మీద తేలినవి. చేపలు తగ్గిన కొద్దీ మిగిలినవాటికి తన్నులు పెరిగాయి. ప్రతి చావు తర్వాతా బాపు పెద్దదానికి ఇంకొంచెం ఎక్కువ మేత పెట్టేవారు, కడుపు నిండితే ఊరుకుంటుందని. అది ఊరుకోలేదు.

ఒక తెల్లవారుజామున నేను రాగి బిందె పట్టుకుని వాగుకు వెళ్లాను. గడి ఆడవాళ్లు పరదా లేకుండా వీధిలో నడవడం అదే మొదలు. నేను తల దించలేదు. చెలమ దగ్గర నలుగురైదుగురు ఆడవాళ్లు కొబ్బరిచిప్పలతో నీళ్లు తోడుకుంటున్నారు. వాళ్లలో కావడి మనిషి భార్య కూడా ఉంది.

"ఏందమ్మా దొరసానీ, గడిల బాయి ఎండిందా?" అంది ఆమె.

"ఎండలేదు. చేపలకు ఈ నీళ్లే కావాలె."

"మా పిలగాండ్లకు గూడ గివే నీళ్లు తల్లీ. జర వరసల నిలవడు."

మిగతావాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను వరుసలో నిలబడ్డాను. నా వంతు వచ్చినప్పుడు ఆమే బిందె నా నెత్తికి ఎత్తింది. "మెడ నిటారుగ వెట్టు. నీకది అలవాటేనాయె" అంది. అది ఎగతాళి అని తెలుసు. అయినా మెడ నిటారుగానే పెట్టాను.

గడిలోకి అడుగు పెట్టేసరికి బాపు హాలులో ఉన్నారు. తడిసిన నా భుజాలను, మట్టి అంటిన కాళ్లను చూశారు.

"ఎవలు తెచ్చిండ్రు?"

"నేనే తెచ్చిన బాపూ."

ఆయన నా నెత్తి మీది బిందెను రెండు చేతులతో దించారు. దించి, వాకిట్లోకి నడిచి, నీళ్లన్నీ మట్టిలో పారబోశారు. ఖాళీ బిందె నా ముందు పెట్టి, "నా బిడ్డ మోసిన నీళ్లు నా తొట్టిలకు రావద్దు" అన్నారు. మేనత్త నెత్తి కొట్టుకుంది. ఆ తర్వాత నెలల పాటు చేపల కోసం నేను వాగుకు పోలేదు.

వానలు సరిగ్గా పడకుండానే భాద్రపదం వచ్చింది. యూనియన్ సైన్యం వచ్చిందనీ నిజాం లొంగిపోయాడనీ రేడియో ఉన్నవాళ్లు చెప్పారు. రజాకార్లు మాయమయ్యారు. సంఘంవాళ్లు అడవి పట్టారు. ఊళ్లోకి మిలిటరీ లారీలు వచ్చాయి. బాపు ముఖంలో చాలా నెలల తర్వాత కొంచెం వెలుగు చూశాను. "ఇగ అన్నీ మునుపటి తీరే" అన్నారు మేనత్తతో. గడి తలుపులు బార్లా తీయించి, పొద్దంతా అరుగు మీద కూర్చున్నారు. ఎవరూ రాలేదు. తర్వాతి రోజుల్లోనూ రాలేదు.

అప్పటికి తొట్టిలో పెద్ద చేప ఒక్కటే మిగిలింది. దాని నుదుటి మీద చిన్న గుంటలు పడి, చర్మం తెల్లగా ఊడుతోంది. పక్కకు ఒరిగి, నీటి పైకి మూతి పెట్టి గాలి మింగుతోంది. ఎర్రలు మూతికి దగ్గరగా పెట్టినా ముట్టలేదు.

బాపు కండువా వేసుకుని బయలుదేరారు. నేను వెంట నడిచాను. కావడి మనిషి ఉండే గల్లీలో ఆయన కాలు పెట్టడం నేను ఎరిగినంతలో అదే మొదటిసారి. గుడిసె ముందు అతని భార్య చేటలో జొన్నలు చెరుగుతోంది. మమ్మల్ని చూసి చేట కింద పెట్టింది గానీ లేవలేదు.

"ఉన్నడా?" అన్నారు బాపు.

"లేడు. సంఘంల ఉన్నడని మిలిటరోళ్లు లారీల ఏస్కపోయిండ్రు. ఏడికో ఎవలు చెప్పరు. నీకెరుకైతె చెప్పు దొరా."

బాపుకు తెలియదు. ఆయన మాట ఆ లారీల దాకా పోదని ఆమెకు తెలియదు. ఆమె ఆయన ముఖంలోకి చూస్తూ జవాబు కోసం ఎదురుచూసింది.

"జర ఒక కావడి నీళ్లు కావాలె" అన్నారు చివరికి బాపు.

ఆమె ఒడిలోని జొన్న పొట్టు దులుపుకుంది.

"గీ మాట కోసమే ఆయన గా పొద్దు ఎండ ఎక్కిందాంక నీ అరుగు కాడ నిలవడ్డడు. ఇంటికొచ్చి గూడ చెప్పిండు, దొర అడిగితె బాగుండు, చేపలు మంచిగుండేటియి అని." చేట మళ్లీ చేతిలోకి తీసుకుంది. "మోసేటోడు లేడు. కావడి గోడకున్నది. కావాలంటె తీస్కపో."

బాపు గోడ వైపు చూశారు. దాన్ని ఏ భుజం మీద వేసుకోవాలో, ఎక్కడ పట్టుకోవాలో ఆయనకు తెలియదని నాకు అర్థమైంది. ఆమెకూ అర్థమైంది. కుండలు కట్టిన ఆ బద్దను నేనే ఎత్తుకున్నాను. బాపు వద్దనలేదు. వాగుదాకా నా పక్కనే నడిచారు.

ఆ నీళ్లు తొట్టిలో పోయనిచ్చారు. గంగాళంలో ఎండకు పెట్టేంత సమయం లేదు. చల్లని నీళ్లే పోశాం. తర్వాత ఆయన చొక్కా చేతులు మడిచి, తొట్టిలోకి వంగి రాళ్లన్నీ జరిపారు. ఆ మూల ఇక ఎవరిదీ కాకుండా, లెక్క ప్రకారం. తరిమేందుకు ఇంకో చేప లేదు. చేప కొత్త నీళ్లలో ఒకసారి నిటారుగా నిలబడింది. పొద్దు వాలకముందే మళ్లీ ఒరిగింది. ఆ తర్వాత లేవలేదు.

మరుసటి రోజు కావడి తిరిగి ఇవ్వడానికి వెళ్లాను. ఆమె దాన్ని తీసుకుని గోడకు ఆనించింది. ఆ మనిషి ఎప్పటికీ తిరిగి రాలేదు.

"అక్కా, ఇగ పోదాం పా" అని బాపు అన్నప్పుడు మేనత్త సంతోషిస్తుందనుకున్నాను. ఆమె ఏడ్చింది. నల్గొండలో కిరాయి ఇంట్లో బాపు ఇంకా చాలా ఏళ్లు బతికారు. ఎవరినీ ఏమీ అడగలేదు. మంచినీళ్లు కావలసినా తానే లేచి ముంచుకునేవారు. మేనత్త ముందు పోయింది, తర్వాత ఆయన.

గడి కూలిపోతుంటే చూడటానికి ఒకసారి వెళ్లాను. సామాను అమ్మినప్పుడు గాజు తొట్టిని ఎవరూ కొనలేదు. ఒక పక్క పగిలి అక్కడే ఉంది. సాగర్ కాలువ వచ్చి వరి పండటం మొదలయ్యాక, హాలియాలో కొత్త ఇల్లు కట్టుకుంటున్న వడ్ల వ్యాపారి ఒకాయన గడి టేకు దూలాలు కొన్నాడు. వాటితో పాటు రాతి స్తంభాలు కూడా అమ్మాను.