వేలం పాడే ఆయన గొంతు

మదనపల్లె టమాటా మార్కెట్లో నేను గుమాస్తాగా ఉన్న మండీకి ఆయనే వేలం పాడేవాడు. పాడడమంటే అరవడమే. పక్కనున్న మనిషిని టీకి పిలిచినా పక్క మండలం నిమ్మనపల్లెకు వినపడేది. "గొంతు తగ్గించినామంటే మోసం చేస్తాండామని అర్థం అప్పా" అనేది ఆయన సిద్ధాంతం.

ఒక సీజన్లో ఆ గొంతు బొంగురుపోయి ఎంతకీ బాగుపడలేదు. ఆయన చల్లనీళ్ళను తిట్టుకున్నాడు. నేనే డాక్టరు దగ్గరికి తీసుకపోయినాను.

"పార పట్టే చేతికి కాసినట్టు, అరిచి అరిచి నీ స్వరతంత్రుల మీద కాయలు కాసినాయి. పది దినాలు మాట్లాడొద్దు. గుసగుసలు కూడా వద్దు, వాటికీ గొంతు నలుగుతుంది" అన్నాడు డాక్టరు.

"సరే సార్" అని ఆయన అరిచిన అరుపుకు బయట కూర్చున్న రోగులు లేచి నిలబడినారు.

మరుసటి రోజే మార్కెట్‌కు వచ్చేశాడు. అరవలేదు. వ్యాపారుల చెవుల దగ్గరికి పోయి గుసగుసగా వేలం మొదలుపెట్టాడు. టమాటాలు తెచ్చిన రైతు చూసి, క్రేట్ల మీద నుంచి లేచాడు.

"ఏమప్పా, వాళ్ళ చెవుల్లో ఏం చెప్తాండావు? నా సరుకు అప్పనంగా ఇప్పించేదానికా?"

ఇన్నేండ్ల సిద్ధాంతం ఆయనకే ఎదురు తిరిగింది. మొహం ఎర్రబడింది. "నేను మోసగాణ్ణి కాదు, నాకు గొంతు జబ్బు" అని మార్కెటంతా తిరిగి చూసేటట్టు అరిచాడు.

రైతు మావైపు తిరిగి తాపీగా అన్నాడు: "ఇంత గట్టిగా అరస్తాండాడు, జబ్బు యాడుండాది?"

దానికి జవాబు ఆయన దగ్గర ఉండింది. చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. గొంతే రాలేదు.