చావింట్లో వెళ్ళొస్తానన్న అల్లుడు

విజయనగరంలో ఓ కేబుల్ చానల్‌కి వారం వారం హాస్య సీరియల్ రాసేవాణ్ణి. అందులో బుర్ర తక్కువ అల్లుడి వేషమూ నాదే. అంత చవట వేషం కట్టడానికి ఇంకెవరూ ఒప్పుకోలేదు. ఓ ఎపిసోడ్‌లో ఆ అల్లుడు చావింటికి పరామర్శకు వెళ్ళి, లేచేటప్పుడు చేతులు జోడించి "ఎల్లొస్తానండి" అంటాడు. చావింట్లో ఆ మాట ఎవరూ అనరు. మళ్ళీ అలాంటి పని మీదే రావాలని కోరుకున్నట్టవుతుంది కాబట్టి చెప్పకుండానే లేచి వచ్చేస్తారు. ఆ సీనుకి జనం పడీపడీ నవ్వారు. చీపురుపల్లి స్టేషన్లో కూడా నన్ను చూసి "ఎల్లొస్తానండి" అని ఆటపట్టించేవారు. నేను తెగ పొంగిపోయేవాణ్ణి.

ఆ ఏడే కోటబొమ్మాళిలో మా మావగారు పోయారు. వరి కోతలప్పుడు కళ్ళంలోనే కూలబడిపోయారట. కన్నకొడుకులా చూసుకున్న మనిషి. కర్మలయ్యేదాకా మా ఆవిడ అక్కడే ఉండాలి. నాకేమో మర్నాడు షూటింగు. సంచీ తీసుకుని వసారాలోకొచ్చాను. చుట్టాలంతా అక్కడే కూర్చున్నారు. ఆ గడప దాటిన ప్రతిసారీ మా అత్తగారికి చెప్పే మాటే అలవాటుగా నోట్లోంచి ఊడిపడింది.

"ఎల్లొస్తానత్తా!"

ఓ పెద్దాయన కండువా నోట్లో కుక్కుకున్నాడు. ఆడవాళ్ళ వైపు ఎవరో కిసుక్కుమన్నారు. "ఇక్కడ కూడానేటి బావా!" అన్నాడు వరసకి బావమరిది. దాంతో వసారా అంతా గొల్లున నవ్వింది. నేను కంగారుపడి లెంపలు వేసుకున్నాను. నా ఖర్మ, సీరియల్లో ఆ అల్లుడూ సరిగ్గా అదే చేస్తాడు. నవ్వులు ఇంకా పెరిగాయి. సిగ్గుతో చచ్చిపోయాను. ఏడుపు ఆగక కళ్ళు తుడుచుకుంటే దానికీ నవ్వారు.

మా అత్తగారు నవ్వలేదు. తల దించుకుని కూర్చుంది. ఆవిడ వైపు చూసే మొహం నాకు లేదు.

మా ఆవిడ ఆటో దాకా వెనకే వచ్చింది. ఎవరేమనుకున్నా ఫరవాలేదు, తను మాత్రం నమ్మితే చాలనిపించింది.

"ఒట్టే, కావాలని అన్లేదు. మావ పోనాడని నాకు బాధ లేదేటి?"

"ఉన్నాదని తెలుసండి," అంది. పైట నోటికి అడ్డం పెట్టుకుంది. "మీ మీద కోపం కాదు. అందరితోపాటు నేనూ నవ్వీసినాను. నాన్న ఫొటో ముందరే నవ్వీసినానండి."

జనాన్ని నవ్వించడమే నా పని. ఆ పని మీద మొదటిసారి అసహ్యం వేసింది.

ఆటో ఎక్కాను. వెళ్ళొస్తానని చెప్పలేదు.