గిర్ని భాగీరథి, గుండె పాఠం

బీదర్ జిల్లా ఖటక్ చించోళి నుంచి మూడు మైళ్లు లోపలికి ఉన్న ఆ ఊళ్లో భాగీరథి మెల్లగా మాట్లాడగా విన్నవాళ్లు లేరు. కాపురానికి వచ్చిన నెల నుంచీ పిండి గిర్ని ఆమే నడుపుతోంది. మొగుడు దుర్గప్ప బసవకళ్యాణ్‌కు కందుల మూటలు తోలే టెంపో మీద తిరుగుతుంటాడు. ఇరవై రెండేళ్లు మోటారు హోరు మీద గొంతెత్తి మాట్లాడీ మాట్లాడీ, మోటారు ఆగినా ఆమె గొంతు దిగడం మానేసింది. పక్కింటావిడకు రహస్యం చెబితే బస్సు కోసం నిలబడ్డవాళ్లు కూడా తలలూపేవారు.

గిర్నికీ సర్కారు బడికీ మధ్య ఒకటే గోడ. ఆ బడి పిల్లలు ఎక్కాలు అరిచి చెప్పడానికి కారణం అదే. కొత్తగా వచ్చిన సార్లు మొదట్లో పిల్లలకు కోపం ఎక్కువనుకునేవారు.

ఆ బడికి ఎవరో దాతలు మంచమంత టీవీ పంపించారు. నలభై పాఠాలు నింపిన పెన్‌డ్రైవ్ కూడా దాంతోపాటే వచ్చింది. రిమోట్ మాత్రం రాలేదు, వెనక వస్తుందన్నారు. పెద్ద సారు భీమ్‌రావ్ టీవీని గోడకు బిగించి, దండ వేయించి, మీట నొక్కాడు. వెలగలేదు. వెళ్లి చూస్తే బడి మీటర్ డబ్బాలో కందిరీగలు గూడు కట్టి ఉన్నాయి, వైరు కాలిపోయింది.

లైన్‌మన్ యెహోషువ వచ్చి పది అడుగుల దూరంలోనే ఆగిపోయాడు.

"కరెంటు సంగతైతే నాకు జెప్పుండ్రి సార్. రెక్కలున్నవాటితోని నాకు సంబంధం లేదు."

భీమ్‌రావ్ పై ఆఫీసుకు రాశాడు. కందిరీగలు ఎన్ని ఉన్నాయో, ఏ జాతివో తెలియజేయమని జవాబు వచ్చింది. నిజాయితీపరుడు కాబట్టి లెక్కపెట్టడానికి వెళ్లాడు. ముప్పై ఏడు దాకా లెక్క కుదిరింది. ఆపైన నాలుగు రోజులు ఎడమ కన్ను తెరుచుకోలేదు.

ఆ వాచిన కన్నుతోనే భాగీరథి దగ్గరికి వచ్చాడు.

"అక్కా, గోడకు బెజ్జం గొట్టి నీ గిర్నిలకెల్లి వైరు గుంజుకుంటం. నీకేం తక్లీఫ్ గాదు."

"కొట్టుకోండ్రి సారూ. బెజ్జంలకెల్లి పిండి వస్తే మాత్రం నన్ననొద్దు."

టీవీ వెలిగింది. మొదటి పాఠం గుండె గురించి. కన్నడంలో ఒక తీయని గొంతు నమస్కారం చెప్పి, వాయిద్యం మోగించి, గుండెకు నాలుగు అరలుంటాయని మొదలుపెట్టింది. చెడ్డ రక్తం కుడివైపు పై అరలోకి వచ్చింది, అక్కడి నుంచి కింది అరలోకి దిగింది. అంతలో టీవీ ఆరిపోయింది.

తప్పు ఎవరిదీ కాదు. ఆ ఊరికి మోటార్లు తిరిగే కరెంటు పొద్దున పది నుంచి ఒంటిగంట దాకానే వస్తుంది, గిర్ని లైనులో ఉండేది ఆ కరెంటే. ఒకరి పిండి ఇంకొకరి దాంట్లో కలవకుండా ప్రతి గంపకూ మోటారు ఆపి మళ్లీ వేయడం భాగీరథి పద్ధతి. మోటారు వేసిన ప్రతిసారీ టీవీ కళ్లు మూసుకునేది. తెరిచాక మళ్లీ నమస్కారం దగ్గరి నుంచే అందుకునేది. ఒక గంప జొన్నలకు పట్టే సమయంలో పాఠం నాలుగు నిమిషాలే నడిచేది. పాఠమేమో పదకొండు నిమిషాలు.

భాగీరథికి ఇవన్నీ బెజ్జంలోంచి వినపడుతూనే ఉన్నాయి. రెండు వారాలయ్యాక పిండికి వచ్చిన ఏడో తరగతి సోనాలిని ఆపి అడిగింది.

"ఆ రక్తం యాడికి పోయిందే?"

"తెల్వదు అత్తా. కింది అర్రలకొచ్చింది. మల్ల మొదటికెల్లి వస్తది."

"పదిహేను దినాల సంది ఆ అర్రలనే ఉన్నదా?"

"ఆఁ."

ఆ పొద్దు రొట్టె తడుతూ తడుతూ భాగీరథి రొమ్ము మీద చెయ్యి పెట్టుకుంది. లోపల ఏదో కొట్టుకుంటూనే ఉంది. వచ్చిన రక్తం వచ్చినట్టే ఉండిపోతే అర పగిలిపోదా అనిపించింది. పిండి అంటిన చెయ్యి అక్కడే మరిచిపోయింది. చివరికి భీమ్‌రావ్‌నే అడిగింది.

"మిగిలింది నీకు తెల్సు గద సారూ, నోటితోని జెప్పరాదా?"

"చెప్పొచ్చు అక్కా. కానీ టీవీల జూపిస్తనే పాఠమైనట్టని కాగితమొచ్చింది. నోటితోని జెప్తే లెక్కకు రాదు."

మర్నాడు పదకొండింటికి భాగీరథి మోటారు ఆపి తువ్వాలతో చేతులు తుడుచుకుంది. వరసలో పదకొండు మంది ఆడవాళ్లు గంపలతో కూర్చుని ఉన్నారు. అందరికన్నా ముందున్న తాయవ్వ ఊరుకోలేదు.

"ఇంట్ల రొట్టెకు పిండి లేదు. ఏమాయెనే నీకు?"

"పావుగంట ఆగు అవ్వా. రక్తం అవుతలికి పోవాలె."

ఎవరి రక్తమో, ఎటు పోవాలో తేల్చుకోకుండా ఇంటికి వెళ్లడం ఎవరికీ ఇష్టం లేకపోయింది. గంపలు చంకన పెట్టుకుని అందరూ ఆమె వెనకే బడిలోకి నడిచి, పిల్లల వెనక చతికిలబడ్డారు. తాలూకా నుంచి తనిఖీ అధికారి దిగింది సరిగ్గా అప్పుడే.

"వీళ్లెవరు?" అన్నాడు.

"తల్లుల సంఘం సార్," అన్నాడు భీమ్‌రావ్.

"గంపలెందుకు?"

"తూకాల పాఠానికి సార్."

టీవీ నాలుగో నిమిషం దాటింది. పిల్లలు ఊపిరి బిగబట్టారు. రక్తం కింది అరలోంచి కదిలి ఊపిరితిత్తులకు పోయింది. అక్కడ శుభ్రపడి, ఎడమ పక్కకు తిరిగివచ్చి, పెద్ద గొట్టంలోంచి ఒళ్లంతా పాకింది. తాయవ్వ రెండు చేతులూ జోడించింది.

"పోయింది," అంది భాగీరథి. ఊరంతటికీ తెలిసిపోయింది.

అధికారి పిల్లలను గుండె గురించి చెప్పమన్నాడు. ఇరవై ఆరు మందీ ఒక్కసారిగా లేచి నమస్కారంతో మొదలుపెట్టి, వాయిద్యాన్ని కూడా నోటితోనే వాయించి, అక్షరం పోకుండా నాలుగు నిమిషాలు చెప్పి కూర్చున్నారు. అధికారి మురిసిపోయాడు. "తర్వాత?" అన్నాడు. పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మిగతాది వాళ్లు విన్నది ఒకే ఒక్కసారి.

వెనక నుంచి భాగీరథి అందుకుంది. రక్తం ఎక్కడెక్కడ తిరిగిందో తడబడకుండా చెప్పింది. మొదటి మాటకే అధికారి చేతిలోంచి కలం జారిపడింది.

"మీ పేరు?"

"భాగీరథి. గిర్ని."

అధికారి రాసుకున్నాడు. నెలన్నర తర్వాత బడికి ఉత్తరం వచ్చింది. శ్రీమతి భాగీరథి గిర్ని అనే అతిథి ఉపాధ్యాయిని బీదర్‌లో రెండు రోజుల శిక్షణకు రావాలట. భీమ్‌రావ్ కాదని రాస్తే తూకాల పాఠం కూడా బయటపడుతుంది. ఆమె వెళ్లింది. అక్కడే చిద్రి పేటలో చిన్నమ్మ ఇంట్లో దిగింది. శిక్షణలో ఏం నేర్పారని అడిగితే, భోజనం బాగుందనీ, తన గొంతు విని మైకు కట్టేశారనీ చెప్పింది.

ఆ ఉత్తరం పుణ్యమా అని గిర్ని రోజూ పదకొండింటికి ఆగడం ఖాయమైంది. చిక్కల్లా రిమోట్‌తోనే. అది లేకుండా రెండో పాఠం చూడాలంటే మొదటిది పూర్తిగా నడవాలి, మూడోది చూడాలంటే ఆ రెండూ. నలభయ్యో పాఠం నాటికి గిర్ని ఏడు గంటలకు పైగా ఆగాలని భీమ్‌రావ్ లెక్క తేల్చాడు. ఊరివాళ్లు ఆలోచించి అయిదో పాఠం దాకా ఒప్పుకున్నారు. ఆపైన పిల్లల అదృష్టం.

రెండో పాఠం ఊపిరితిత్తులది. దుమ్ము పీల్చేవాళ్ల లోపల ఏమవుతుందో బొమ్మ వేసి చూపించారు. పాఠం అయిపోగానే భాగీరథి లేచింది. గిర్నిలోకి వచ్చి పైకి చూసింది. దూలాల మీద, సాలెగూళ్ల మీద, గడియారం అద్దం మీద తెల్లటి పిండి పేరుకుని ఉంది. ఇరవై రెండేళ్లు అనుకుంది. పాత చీర చింపి, మడతలు పెట్టి ముక్కుకు కట్టుకుంది. ఇంకో రెండు ముక్కలు చింపి వరసలో ఉన్నవాళ్లకు ఇచ్చింది.

దుర్గప్ప టెంపో దిగి గుమ్మంలో నిలబడిపోయాడు.

"ఎవలికి భయపడి మూతి దాసుకున్నవ్?"

"పిండికి," అని ఆమె మోటారు మీట వేసింది.