కమీలియా నూనెలో చిటికెడు పసుపు

రోజూ పొద్దున్నే దీపం పెట్టాక హైమావతి కమీలియా నూనె సీసా మూత తీసి, ఒక్క చుక్క ఎడమ మణికట్టు లోపలివైపు వేసుకునేది. అమ్మవారి నూట ఎనిమిది నామాలు చదువుకున్నంతసేపూ దాన్ని తుడిచేది కాదు. నామాలు పూర్తయ్యేసరికి చర్మం ఎర్రబడకుండా, దురద పెట్టకుండా ఉంటే ఆ సీసా ఆ రోజు నలుగురి ముఖాలకూ పనికొస్తుందని ఆమె నమ్మకం. తన ఒంటికి పడనిది పరాయి ఆడపిల్ల ముఖాన ఎలా పెడతాం అనేది.

తణుకు దగ్గర పల్లెలో ఏడో తరగతి దాకా చదివిన హైమావతికి ఈ విద్య సింగపూర్ వచ్చాకే అబ్బింది. భర్త ఉద్యోగం వెంట వచ్చిన కొత్తల్లో, ఒక జపాన్ ఆవిడ ముఖాలకు నూనె మర్దన చేసే చిన్న గది నడుపుతుంటే, అక్కడ తువ్వాళ్ళు ఉతికే పనికి కుదిరింది. ఆవిడకు తెలుగు రాదు, ఈమెకు జపాన్ మాట రాదు. ఆవిడ మూడు వేళ్ళు చూపిస్తే మూడు చుక్కలు. అరచేతులు రెండూ జోడిస్తే, వాటి మధ్య నూనె వెచ్చబడాలని. హైమావతి రుద్దబోతే చేయి పట్టుకుని ఆపి, తడి చెంప మీద అరచేతిని మెత్తగా అద్ది చూపించేది. నూనె అంటే తలంటు రోజున దోసిళ్ళతో పట్టించి, సున్నిపిండితో నలిచి వదిలించేదే అనుకున్న మనిషికి, ముఖాన్ని నిద్రపోతున్న పసిబిడ్డలా ముట్టుకోవచ్చని అక్కడ తెలిసింది.

ఆవిడ తన దేశం వెళ్ళిపోయాక, హైమావతి ఊరి పడమటి కొసనున్న బూన్ లేలోని తమ ఫ్లాట్‌లోనే కిటికీ పక్కన వాలుకుర్చీ వేసి తెలిసినవాళ్ళకు చేయడం మొదలుపెట్టింది. పొడిచర్మానికి కమీలియా పూలచెట్టు గింజల నూనె, జిడ్డు ముఖానికి తేలికపాటి తవుడు నూనె; రెండూ పాయా లేబర్‌లోని ఒక దుకాణంలో కొనేది. కొత్తవాళ్ళెవరైనా ఇల్లు వెతుక్కుంటుంటే, పక్కింటి చైనా అవ్వ లిఫ్ట్ పట్టి ఉంచి, తలుపు దాకా తీసుకొచ్చి దిగబెట్టేది. ఆ అవ్వ మోకాళ్ళు బాగుండాలని కూడా హైమావతి దేవుడికి చెప్పుకునేది.

రెండు బ్లాకుల అవతల ఉండే నసీమా వాళ్ళది హైదరాబాదు. ఆమె కూతురు జవేరియా చాంగీ బిజినెస్ పార్క్‌లో బ్యాంకు ఉద్యోగి. ఆదివారం నికా అనగా, ముందు సోమవారం తల్లి ఆ పిల్లను తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. కళ్ళు మూసుకుని నూనె అద్దించుకుని, హాయిగా నవ్వుకుంటూ వెళ్ళింది పిల్ల.

మర్నాడు సాయంత్రం తల్లీకూతుళ్ళు మళ్ళీ వచ్చారు. జవేరియా ముఖమంతా పచ్చగా ఉంది. చెంపలు మాత్రం కమిలి ఎర్రబడ్డాయి.

"చూడు హైమక్కా, పిల్ల మొహం ఎట్లైందో. నిమ్మకాయ పెట్టిన, శనగపిండితో రుద్దిన, పోతలేదు. పసుపు లెక్క రంగు కలిపిండు ఆ దుకాణపోడు. పాయా లేబర్ పోయి వాని నెత్తి మీదనే పోస్త ఆ నూనె," అంది నసీమా.

"మా మేనేజర్ నన్ను చూసి, కామెర్లేమో, లివర్ చెక్ చేయించుకో అన్నాడు ఆంటీ," అంది జవేరియా. "తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో జ్యూస్ అంకుల్ బార్లీ నీళ్ళు ఊరికే ఇచ్చాడు, పాపం రోగిని అనుకుని." నవ్వబోయింది కానీ, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సండేకి ఇలాగే ఉంటే ఎలా?"

అవునని తలూపి ఊరుకుంటే చాలు, నింద దుకాణం మీదికి పోతుంది. సీసాను ఎప్పుడూ రెండు చేతులతో అందించే ఆ దుకాణం మనిషి హైమావతికి గుర్తొచ్చాడు.

"వాళ్ళ తప్పేం లేదు నసీమా. పసుపు నేనే కలిపాను," అంది. "పెళ్ళికూతురి ముఖం పసుపు తగలకుండా నా గడప దాటకూడదనిపించింది. చిటికెడే. ముందు నా మణికట్టు మీద వేసుకుని చూశాను, ఏమీ కాలేదు. అరవై ఏళ్ళుగా పసుపు రాసుకున్న ఒళ్ళు, దానికేం తెలుస్తుంది?"

నసీమా పక్కనున్న పీట మీద కూర్చుంది. "పెండ్లికి ముందు మాంఝా నాడు మేం గూడ పసుపు పెడ్తం కదక్కా. చెప్తే నేను వద్దంటనా?"

"మమ్మీ వద్దనదు," అంది జవేరియా. "కానీ ముఖం నాది కదా ఆంటీ. నన్నడగాలి కదా."

ఆ మాట గట్టిగా అన్నది కాదు. అందుకే హైమావతికి ఎక్కువ తగిలింది. ఇన్నేళ్ళూ ఎంతమంది ముఖాలు ముట్టుకుంది. ప్రేమగానే ముట్టుకుంది. ప్రేమ ఉంది కదా అని ఎన్నిసార్లు అడగకుండా ఉండిపోయిందో.

"నూనెలో కలిసి పట్టిన పసుపు, నూనెతోనే వదులుతుంది తల్లీ. రోజూ కొంచెం కొంచెంగా. నిమ్మకాయ, పిండి దగ్గరికి రానీయకు. ఇప్పుడు అడుగుతున్నాను, ముఖం ముట్టుకోనా?"

జవేరియా చున్నీ సర్దుకుని కుర్చీలో వెనక్కి వాలింది.

తడి ముఖాన మూడు చుక్కలు. రుద్దడం లేదు, అద్దడమే. గోరువెచ్చని నీళ్ళలో ముంచిన దూదిని చెంపకు ఆనించి తీస్తే, దూదికి పచ్చదనం అంటింది. బుధ, గురు, శుక్రవారాలు ఆఫీసు అయ్యాక ఆ పిల్ల ఆఫీసు దగ్గరి ఎక్స్‌పో స్టేషన్‌లో ఎక్కి, ఊరు ఆ కొస నుంచి ఈ కొసకు ట్రైన్‌లో నేరుగా ఇక్కడికే వచ్చింది. నసీమా ఒక రోజు అలిగి రాలేదు, మర్నాడు ఖుబానీ మీఠా డబ్బాతో వచ్చింది. శుక్రవారానికి ఎరుపు చల్లారింది. శనివారం దూది తెల్లగానే వచ్చింది. అద్దం చూసుకుని జవేరియా హైమావతి భుజానికి తల ఆనించింది.

వెళ్ళబోతూ నూనె సీసా అట్టపెట్టెలోంచి మడత కాగితం తీసి తిరగేసింది. "ఇందులో ఇంగ్లీషులో ఉంది ఆంటీ, వేరే ఏమీ కలపొద్దని. చూడలేదా?"

హైమావతి తువ్వాలు మడత పెడుతూ ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా ఎవరేం చూపించినా తలూపి నెట్టుకొచ్చింది. ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పుకోలేదు. కళ్ళజోడు పెట్టుకుని, ఒక నోటు పుస్తకం, పెన్ను తెచ్చుకుని జవేరియా పక్కన కూర్చుంది.

"నాకు ఇంగ్లీషు చదవడం రాదమ్మా. పెళ్ళి పనుల్లో ఉన్నావు, తెలుసు. ఒక్క పది నిమిషాలు కూర్చుని, ఆ కాగితం మొదటి నుంచి చివరి దాకా తెలుగులో చెప్పి పెడతావా? రాసుకుంటాను."